ఇరవై ఒకటో నంబరు కుర్రాడు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు," అన్నాడు ఆర్విల్ పెటిగ్రూ, తమాలీ మీది మొక్కజొన్న పొట్టు విప్పుతూ.

ఆ మాట చెవిన పడగానే చర్చి పెద్ద డీకన్ లూథర్ కాళ్ళు బారజాపుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, తీరిగ్గా చేరగిలబడ్డాడు. పొట్టులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దల్ని, ఆ తమాలీల్ని, పొగలు కక్కే కుండలోంచి పైకి తీస్తున్న బండి యజమాని హోసియా, చేతిలో పటకారు ఆపి, "ఇంకేం, మొదలైంది," అన్నాడు.

పక్క బెంచీ మీద కూర్చున్న ఆవిడ మాత్రం ఆ బండికి కొత్త. పేరు వెర్నెటా స్టాలింగ్స్. పొద్దున్నే కారేసుకుని డెల్టా అవతలి కొస నుంచి వచ్చింది. ఆవిడది పాత కార్లు అమ్మే వ్యాపారం. ఇంజను మూత ఎత్తి చూడకుండానే "వెన్నలా నడుస్తుంది" అనేవాళ్ళని రోజూ చూస్తుంది. అవసరం పడితే తనూ అంటుంది. అందుకే ఈ పెద్దమనిషితో ఫోనులో మాట్లాడటం కాదు, ఎదురుగా కూర్చుని వినాలనుకుంది.

సంగతి ఆవిడ కొడుకుది. జవారిస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు, మూడో ఏడు; కాలితో తన్నే ఆట కాదు, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. మొన్న సెలవులకి ఈ ఊళ్ళో పెద్దమ్మ ఇంటికి వచ్చినప్పుడు పెట్రోలు బంకు దగ్గర ఈ ఆర్విల్ వాడి జట్టు కోటు మీద ఇరవై ఒకటి అంకె చూసి, పేరడిగి, నిలబడిపోయాడట. "నువ్వా! పెద్ద క్లబ్బులు రెండో రౌండులోనే నిన్ను ఎగరేసుకుపోతాయి. ఇంకా కాలేజీలో ఏం పని నీకు?" అన్నాడట. అప్పట్నుంచి వాడి కాళ్ళు నేల మీద లేవు. పెద్ద క్లబ్బులు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే ఆ డ్రాఫ్టుకి పేరివ్వడానికి ఇవాళ సాయంత్రమే గడువు. పేరిచ్చాక ఏ క్లబ్బూ కన్నెత్తి చూడకపోతే, ఆటా పోతుంది, ఆట వల్ల దొరుకుతున్న ఉచిత చదువూ పోతుంది, డిగ్రీ సగంలోనే ఆగిపోతుంది. తల్లి ఎంత చెప్పినా, "నీకేం తెలుసమ్మా, ఆయన ముప్పై ఏళ్ళుగా క్లబ్బులకి ఆటగాళ్ళని వెతికిపెట్టే స్కౌటు," అంటాడు. పద్దెనిమిది దాటిన కొడుకుని చెవి పట్టుకు లాగలేం కదా.

ఆవిడ ఎవరో ఆర్విల్‌కి తెలీదు. ఆవిడా చెప్పలేదు. మూడు తమాలీలు తీసుకుని కూర్చుంది.

"మొదట్లో అంతా చిన్నచిన్నవే," అంటున్నాడు ఆర్విల్. "అలబామా సరిహద్దులో ఒక బుల్లి కాలేజీ. జట్టు బస్సు వచ్చి ఆగింది. మిగతా స్కౌట్లందరూ టేపులూ స్టాప్‌వాచీలూ పట్టుకుని మైదానంలో నిలబడ్డారు, నేను మాత్రం బస్సు తలుపు దగ్గర నిలబడ్డా, ఎందుకంటావా లూథర్, కుర్రాడి సంగతి మైదానంలో కాదు తెలిసేది, బస్సు దిగేటప్పుడు తెలుస్తుంది. ఒకడు దిగాడు. చీలమండ చూశా, తుంటి చూశా, 'వీడే' అన్నా. పెద్ద క్లబ్బులో పదేళ్ళు ఆడాడు వాడు."

"పేరేంటో?" అన్నాడు హోసియా.

"పేర్లు చెప్పకూడదు. మా పనిలో అది ఒట్టు."

"ఏ క్లబ్బుకో అదైనా చెప్పు."

"అదీ ఒట్టే."

ఇంతవరకూ బాగానే ఉంది, అనుకుంది వెర్నెటా. బస్సు దిగే తీరు చూడటంలో అర్థం ఉంది. తనూ కొనడానికి వచ్చినవాడు కారు దిగే తీరు చూసే ధర చెబుతుంది. ఒకవేళ ఈయనకి నిజంగానే తెలుసేమో. అదే నిజమైతే తను ఇన్నాళ్ళూ కొడుకు కాళ్ళకి అడ్డం పడుతున్నట్టు. ఆ ఆలోచనతో నోట్లో ముద్ద కాస్త నెమ్మదిగా దిగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో కుర్రాడు. నలభై గజాల పరుగు. నేను స్టాప్‌వాచీ నొక్కా. నొక్కి తలెత్తేసరికి వాడు అవతల నీళ్ళు తాగుతున్నాడు. సరే, నా వేలు మందంగా ఉందేమో అనుకుని మళ్ళీ పరిగెత్తించా. ఈసారి వాడు చేరాడు గానీ, వాడి నీడ ఇంకా సగం దారిలోనే ఉంది, పాపం రొప్పుకుంటూ వస్తోంది. మూడోసారి పరిగెత్తించానా, స్టాప్‌వాచీ వెనక్కి తిరిగింది! నేను ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ ఇంకా పొద్దుటి కాఫీయే పెడుతోంది."

"అయితే ఆ రోజు రెండు సార్లు టిఫిను చేశావన్నమాట," అన్నాడు లూథర్ టోపీ కింద నుంచి.

"చేశా. రెండోది బాగుంది."

వెర్నెటా గొంతులో ముద్ద ఇట్టే దిగిపోయింది.

"ఇక ఎగిరే పరీక్ష సంగతి చెప్పాలి. గోడకి గుర్తులు పెడతారు, ఎగిరి తాకాలి. టెక్సస్ నుంచి ఒకడొచ్చాడు, కోడిపిల్లలా ఉన్నాడు, అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వాడు ఎగిరాడు. చూశాం, చూశాం, మెడలు నొప్పెట్టాయి. సరేనని భోజనాలకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అప్పుడే దిగుతున్నాడు. గడ్డం మాసింది."

"మరి పైన వాడికి తిండి?" అన్నాడు హోసియా.

"వాడు ఎగిరే ముందే జేబులో రెండు తమాలీలు పెట్టా. స్కౌటన్నాక ముందుచూపు ఉండాలోయ్."

"నా బండివేనా?"

"నీవే. అందుకే అంత తొందరగా దిగాడు."

హోసియా పటకారు చూపించాడు. లూథర్ పొట్ట ఊగేలా నవ్వాడు. వెర్నెటాకీ నవ్వొచ్చింది గానీ, తన కొడుకు జీవితం ఈ నోటికి వేలాడుతోందని గుర్తొచ్చి నవ్వు దిగమింగింది. టీవీలో సూటూ టై కట్టుకుని కూర్చుని ఆటగాళ్ళకి విలువ కట్టేవాళ్ళు మాత్రం ఇంతకన్నా ఏం చెబుతారు? వీడి నడుం పట్టు బాగుంది, వీడి లోపల ఇంజను మంచిది, వీడికి పైకప్పు ఎత్తు ఎక్కువ. కారుకి ఇల్లు కలిపి అమ్ముతున్నట్టుంటుంది. కాకపోతే వాళ్ళ వెనకాల రంగు రంగుల బొమ్మలు తిరుగుతాయి, ఈయన వెనకాల కుండ పొగ తిరుగుతోంది.

"అన్నిటికన్నా ముఖ్యం ఏంటో చెప్పనా?" ఆర్విల్ వెర్నెటా వైపు తిరిగి కారం సాసు సీసా మర్యాదగా ఆవిడ ముందుకి జరిపాడు. "తల్లి. తల్లిని చూస్తే కొడుకు ఇంకెంత పెరుగుతాడో, ఎంత బరువు మోస్తాడో ఇట్టే చెప్పొచ్చమ్మా. వందమంది ఆడవాళ్ళ మధ్య నించోబెట్టండి, ఆటగాడి తల్లి ఎవరో కళ్ళు మూసుకుని చెబుతా. ఇంతవరకూ ఒక్క తల్లి దగ్గర కూడా నా కన్ను తప్పలేదు."

"అబ్బో," అంది వెర్నెటా, కారం పోసుకుంటూ.

"ఆ కంటి కోసమే కదా వాళ్ళు నన్ను వదలరు! ఒక డ్రాఫ్టు రోజు నేను చేపల చెరువులో పడవ మీదున్నా. పైన హెలికాప్టరు. తాడు పట్టుకుని ఒకాయన దిగాడు, త్రీ పీస్ సూటు, మెరిసే బూట్లు. క్లబ్బు యజమాని! 'పెటిగ్రూ గారూ, మా వంతు వచ్చింది, అక్కడ డ్రాఫ్టు ఆపేశారు, దేశమంతా టీవీల ముందు కూర్చుంది, ఎవర్ని తీసుకోమంటారు?' అన్నాడు. 'ఇటు ఈ గాలం పట్టుకో, ఆలోచిస్తా,' అన్నా. పట్టుకున్నాడు. ఆలోచించా. కునుకు పట్టింది. లేచేసరికి సాయంత్రమైంది, పాపం ఆయన అలాగే పట్టుకుని నించున్నాడు, ఏడు చేపలు పడ్డాయి. వేయించుకు తిన్నాక పేరు చెప్పా."

"అంతసేపూ డ్రాఫ్టు ఆగే ఉందా?"

"ఆగక చస్తుందా? ఆ ఏడు డ్రాఫ్టు ఆలస్యమైందనే ఈస్టర్ పండగని ఒక వారం వాయిదా వేశారు. డీకన్‌వి, నీకు తెలీదూ?"

"చర్చిలో నాకు చెప్పలేదోయ్," అన్నాడు లూథర్.

వెర్నెటా చేతులు తుడుచుకుంది. "మరి ఈ ఏడాది మీ కంట్లో ఎవరన్నా పడ్డారా, మిస్టర్ పెటిగ్రూ?"

"ఎందుకు పడలేదమ్మా! ఒకే ఒక్కడు. ఇరవై ఒకటో నంబరు. స్టాలింగ్స్ కుర్రాడు."

ఆవిడ సంచిలోంచి ఫోను తీసింది. కొడుకు ఎత్తగానే, "మాట్లాడకు, విను," అని గొణిగి, ఫోను స్పీకరులో పెట్టి బెంచీ మీద తమాలీ పళ్ళెం పక్కన పెట్టింది. "ఏం చేశాడండీ ఆ అబ్బాయి?" అంది గట్టిగా.

"ఏం చేశాడా? నవంబరులో ఆట చూడలేదూ! తమ జట్టు కొస గీత దగ్గర బంతి పట్టుకున్నాడు. చంకలో పెట్టాడు. అవతలి జట్టు పదకొండు మందీ మీద పడ్డారు. ఒకడు వాడి చొక్కా పట్టుకుంటే చొక్కాతో పాటు వాణ్ణీ ఈడ్చుకెళ్ళాడు. ఇంకొకడు అడ్డం వస్తే వాడి బూట్లు అక్కడే ఉన్నాయి, మనిషి లేడు. మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా! టచ్‌డౌన్! అక్కడితో ఆగితే నేను వీడి గురించి చెప్పేవాణ్ణే కాదు. వేగం ఆపుకోలేక గోడ దూకి హైవే ఎక్కాడు. పోలీసు కారు వెంటపడింది. మెంఫిస్ దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి, జనం ఇంకా చప్పట్లు ఆపలేదు."

"బంతో?" అన్నాడు హోసియా.

"చంకలోనే ఉంది. పోలీసు దాని మీద చలానా అంటించాడు."

"నీకు ఆ కుర్రాడు తెలుసా, ఊరికే అంటున్నావా?" అన్నాడు లూథర్.

"తెలుసా అంటావేంటి! నా చేతుల మీద పెరిగాడు. 'ఇవాళ పేరిచ్చెయ్యి, రెండో రౌండు, పూచీ నాది' అని నేనే చెప్పా. వాళ్ళమ్మ నన్నడక్కుండా వాడికి బూట్లు కూడా కొనదు. ఆ ఇంట్లో నాకు వేరే కుర్చీ ఉంటుంది."

"వాళ్ళమ్మ ఎలా ఉంటుందండీ?" అంది వెర్నెటా.

"అబ్బ, మనిషంటే ఆవిడేనమ్మా! ఆరడుగుల మనిషి. గుమ్మంలో నించుంటే లోపల చీకటి పడుతుంది. ఆ చేతులు చూసే, కొడుకు ఇంతవాడవుతాడని ఆనాడే చెప్పా."

వెర్నెటా లేచి నించుంది. ఎత్తు మడమల బూట్లు వేసుకుని కూడా, కూర్చున్న ఆర్విల్ టోపీ కన్నా రెండు వేళ్ళు పైకొచ్చింది, అంతే. "నేనేనండీ," అంది. "జవారిస్ వాళ్ళమ్మని. ఆ కుర్చీ ఏ గదిలో ఉందో చెబితే దులిపి ఉంచుతా."

కుండ కుతకుతమంటోంది. లూథర్ టోపీ మొదటిసారి కళ్ళ మీంచి పైకి లేచింది. ఆర్విల్ తొణికే రకమా! "మీరు... చిక్కిపోయారమ్మా," అన్నాడు.

హోసియా పటకారు కింద పడేసి పొట్ట పట్టుకున్నాడు. ఆ నవ్వుల మధ్య బెంచీ మీంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "సార్."

అందరూ పళ్ళెం వైపు చూశారు.

"సార్, ఆ టచ్‌డౌన్ నాది కాదు సార్. నేను బంతి పట్టుకుని పరిగెత్తను. అవతలివాడు పరిగెత్తితే పడగొడతాను. అంటే, నన్ను మైదానంలోకి పంపితే. ఈ ఏడు చాలా ఆటలకి బెంచీ మీదే ఉన్నాను. ఆ పరిగెత్తింది టెర్రెల్. వాడిదీ ఇరవై ఒకటే."

"ఒకే నంబరు ఇద్దరికి ఇస్తారా ఎక్కడైనా?" అన్నాడు ఆర్విల్, ఎవరో తనని మోసం చేసినట్టు.

"కాలేజీల్లో ఇస్తారు కదటోయ్!" లూథర్ లేచి నించున్నాడు. "వందకి పైగా పిల్లలుంటారు, అంకెలు తొంభై తొమ్మిదితో అయిపోతాయి. పరిగెత్తే జట్టులో ఒకడికి, పడగొట్టే జట్టులో ఒకడికి ఒకే అంకె ఇస్తారు. ఇద్దరూ ఒక్కసారి మైదానంలోకి రారు. మా ఆదివారం బడి పిల్లలకి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ స్కౌటుకి తెలీదా?"

"హెల్మెట్లు పెట్టుకుంటే మొహాలు కనపడవు, చొక్కాల మీద పేర్లుండవు, నేనేం చెయ్యను?" అన్నాడు ఆర్విల్. "చీలమండలు చూశా."

"ఎవరివి?"

ఆర్విల్ తమాలీ పొట్టు మడతలు పెట్టసాగాడు.

వెర్నెటా ఫోను అందుకుంది. కొడుకు గొంతు వినగానే వాడు ఎలా నించుని ఉంటాడో ఆవిడకి తెలిసిపోయింది, ఒక కాలి మీద బరువేసి, మెడ వంచి. "బంకు దగ్గర 'నువ్వా' అన్నాడమ్మా," అన్నాడు వాడు. "నన్నే అనుకున్నా."

"పేరిచ్చేశావా?"

"ఇంకా లేదు."

"మరి?"

అవతల పుస్తకాల సంచి జిప్పు లాగిన చప్పుడు. తర్వాత, "వచ్చే ఏడు టెర్రెల్ వెళ్ళిపోతాడు. అప్పుడు ఇరవై ఒకటి నేనొక్కణ్ణే ఉంటాను," అన్నాడు. "మూడింటికి క్లాసుందమ్మా, వెళ్తున్నా."

"వెళ్ళు," అంది వెర్నెటా.

అప్పుడే ఆర్విల్ లేచి ఆవిడ పక్కకి వచ్చి, ఫోను దగ్గరికి నోరు పెట్టాడు. "బాబూ, పెట్టెయ్యకు. ఒక్క మాట. ఆ టెర్రెల్ ఇవాళ పేరిస్తున్నాడా లేదా? వాడి నంబరు ఉందా నీ దగ్గర?"

"ఉంది సార్," అన్నాడు జవారిస్. "ఇరవై ఒకటి."