గడపలో నిలబడ్డవాళ్లు

రెండే ముక్కల్లో చెప్పి వెళ్లిపోతాను వదినా. పొయ్యి కట్టేయకు, టీ తాగే వెళ్తాను. మీ ఆయన ఉన్నాడే... మా అన్నయ్యేలే, కానీ ఇవాళ్టికి మీ ఆయనే.

అసలు ఆ మనిషికి ఖాళీగా ఉన్నదేదీ కంటబడకూడదా? ముందుగదిలో ఎవరూ కూర్చోవట్లేదని గడియారంలో బ్యాటరీ తీసేశాడు. మొన్న నువ్వు కాస్త నడుం వాల్చావని బట్టల మూట తెచ్చి ముందు పెట్టాడు. నువ్వు మడతపెట్టావు కూడా, అది వేరే సంగతి.

ఎక్కడున్నాను? ఆ, మా ఆఫీసులో చేస్తున్న పసిపిల్లల్ని తూచే యంత్రం. దాని లోపలి చిప్పు ఎలా ఉండాలో నేను ఆలోచిస్తాను, మీ ఆయన గీస్తాడు. అందులో ట్రాన్సిస్టర్‌తో చేసిన స్విచ్ ఒకటుంటుంది. తూకాన్ని లోపలికి పంపి టక్కున తలుపు మూసేస్తుంది. తంటా అక్కడే. నువ్వూ పక్కింటావిడా గడపలో నిలబడి ఊసులాడతారు కదా, అలా కాస్త విద్యుత్తు ఆ గడపలోనే ఉండిపోతుంది. తలుపు పడగానే కొంత బయటికి పోతుంది, కొంత లోపల పడి తూకాన్ని చెడగొడుతుంది.

అందుకని తలుపు పక్కనే ఇంకో చిన్న ట్రాన్సిస్టర్ పెట్టాను, రెండు కొసలూ కలిపేసి. లోపల పడ్డవాళ్లను తన దగ్గర కూర్చోబెట్టుకోవడమే దాని పని. చూడ్డానికి మాత్రం పనీపాటా లేనట్టే ఉంటుంది. ఇంకేం, మీ ఆయన కంటబడింది. కొత్త చిప్పు గీసేటప్పుడు పీకేశాడు. అడిగితే, "ఊరికే ఉంది కదమ్మా, చోటు దండగ" అన్నాడు. అప్పటికే ఆ కొత్త చిప్పు తయారై వచ్చేసింది.

నవ్వకు. పాత చిప్పు తూకం తప్పు చూపిస్తోందనే కదా మళ్లీ చేయించింది? ఇదీ తప్పితే మొత్తం పనే ఆపేస్తానన్నాడు మా ఆఫీసు పెద్దాయన. అందుకే పొద్దున్నే వెళ్లి చెప్పాను, ఇది పనికిరాదు, తప్పు అన్నయ్యది, ఆయన్ని గీసే పని నుంచి తీసేయండి అని.

అవును, నేనే చెప్పాను. ఆ గరిటె కింద పెట్టు.

మధ్యాహ్నం పరీక్ష చేశాం. ఖాళీ తొట్టి పెడితే సున్నా. బరువు పెడితే సరిగ్గా ఆ బరువే. మా తలుపు టక్కున కాదట, మెల్లగా మూసుకుంటోందట. గడపలోవాళ్లు దాదాపు అందరూ వచ్చిన దారినే వెళ్లిపోతున్నారట. పాత చిప్పులో నేను పెట్టిన ఆ చిన్న ట్రాన్సిస్టర్, పట్టుకోవడానికి ఎవరూ లేక, లోపల బుద్ధిగా ఉన్న అసలు తూకంలోవాళ్లనే లాక్కుందట. తప్పంతా దానిదేనని కొలిచి తేల్చారు.

పెద్దాయన నా మాట మన్నించాడు. అన్నయ్యను గీసే పని నుంచి తీసేశాడు. తీసి నా కుర్చీలో కూర్చోబెట్టాడు.

రేపట్నుంచి ఆయన ఆలోచిస్తాడు, నేను గీస్తాను.