పెట్టెలో పట్టిన ఎండ

నవ్విన నవ్వును వెనక్కి తీసుకునే వీలే ఉంటే, ఆ జులై ఉదయం తాను నవ్విందంతా లెస్ తిరిగి మింగేసి ఉండేవాడు.

భూగోళం దక్షిణపు సగంలో ఉన్న గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో జులై అంటే ఎముకలు కొరికే చలికాలం. గనిపని నుంచి విరమించిన ముసలివాళ్ళు చెక్కపని షెడ్డులో ఇనప పొయ్యి చుట్టూ చేరి, టీ కప్పులతో చేతులు కాచుకుంటున్నారు. అందరూ టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు, ఒక్క క్లారీ పెన్‌గెల్లీ తప్ప. అతను ఎర్ర ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని, పొయ్యికి అందరికన్నా దగ్గరగా కూర్చున్నాడు.

క్లారీ మనవరాలు టిల్లీ బడి సెలవులకు తల్లితో అడిలైడ్ వెళుతూ, మెడకింద గడ్డంలా ముళ్ళుండే తన పెంపుడు తొండ పిల్లను తాతకు అప్పగించింది. అరచేతిలో ఇమిడే ప్రాణి. మనిషి కనబడితే సెల్యూట్ కొట్టినట్టు ముందుకాలెత్తి ఊపుతుంది కనుక దాని పేరు సార్జెంట్. ఎండ కాచుకునే రాయి నలభై డిగ్రీలుండాలని, అవతలి మూల ఇరవై ఐదు దాటకూడదని, ఒంటికి వేడి తగలకపోతే అది తినదని, తిన్నా అరగదని ఒకటికి నాలుగుసార్లు చెప్పి వెళ్ళింది. ఆదివారం తిరిగి వస్తుంది. ఆ తొండకు పెట్టె చేసిచ్చినవాడు లెస్.

"పెట్టె ఎలా ఉందిరా?" అని అడిగాడు లెస్. ఆ మాట కోసమే అతను పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నాడు.

"ఎలా ఉందా?" క్లారీ కప్పు కింద పెట్టాడు. "నీ చేతులకి దండం పెట్టాలిరా లెస్! గనిలో ముప్ఫై ఏళ్ళు మగ్గినవాణ్ణి, వేడి సంగతి నాకొకడు చెప్పాలా? థర్మామీటరు అవతల పారేశా. రాయి మీద మీసం ఆనించానంటే నలభై అంటే నలభై, వెంట్రుకవాసి తేడా ఉండదు."

"మీసం కమిలిన వాసనొస్తే యాభై అన్నమాట," అన్నాడు పక్కనున్న స్టిపే. మాట్లాడేది తక్కువైనా అతని మాట సూదిలా దిగుతుంది.

"నువ్వుండవోయ్! బల్బు వేశానా, ఆ పెట్టె ఇంత వేడి కూడా బయటికి పోనివ్వదే! తెల్లారేసరికి వేడి మూల జనవరి నడివేసవి మిట్టమధ్యాహ్నం అయి కూర్చుంది. ఇసకలో ఏనాటి గింజలో మొలిచి పూలు పూసేశాయి. చల్ల మూలలోనేమో మంచు. అక్కడ బీరు సీసాలు పెట్టుకుని, ఇక్కడ బట్టలు ఆరేసుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేడిగాలీ చల్లగాలీ నడిమధ్యలో ఢీకొని మబ్బు పట్టింది!"

"పెట్టెలోనే?" అన్నాడొకడు.

"పెట్టెలోనే! ఊళ్ళో ఎవడూ చూడని వాన నా వంటింట్లో కురిసింది. ఇసక మధ్య చెరువు నిండితే, మెనిండీ సరస్సుల నుంచి పెలికన్ కొంగలు వచ్చి దిగాయి!"

షెడ్డంతా ఘొల్లుమంది. అందరిలోకీ గట్టిగా నవ్వినవాడు లెస్. బతుకంతా పావురాల గూళ్ళు కట్టిన చేతులకు ఇంత పొగడ్త దక్కడం అదే మొదలు.

"తింటోందా మరి?" అన్నాడు స్టిపే, నవ్వకుండా.

క్లారీ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. "తినడమా? తిని తిని గొర్రెంత అయితేనూ! నిన్న బల్బు ఆపడానికి పెట్టెలోకి వెళ్ళి దారి తప్పానంటే నమ్ము. ఎటు చూసినా ఎండమావులే. చివరికి సార్జెంటే ఎదురొచ్చి సెల్యూట్ కొట్టి, వీపు మీద ఎక్కించుకుని తెచ్చి వంటింట్లో దించింది."

"అది అక్కడ అంత సుఖంగా ఉంటే," అన్నాడు స్టిపే, "నీ టోపీ ఎందుకు కదులుతోందిరా?"

నవ్వులు తెగిపోయాయి. ఎర్ర ఉన్ని నడినెత్తిన మెల్లగా లేచి, మళ్ళీ వాలింది. క్లారీ రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. ఆపైన తనే టోపీ తీశాడు. బట్టతల మీద తొండపిల్ల చలికి బొగ్గులా నల్లబడి, పొట్ట అంటించి, అరమోడ్పు కళ్ళతో పడుకుని ఉంది. అంతమందిని చూసి కూడా కాలెత్తలేదు.

"ఏదీ ముట్టడం లేదురా," అన్నాడు క్లారీ. "రెండు బల్బులు పెట్టినా రాయి వెచ్చబడదు."

ఆ వేడి ఎటు పోయిందో లెస్‌కు ఒకరు చెప్పనక్కరలేకపోయింది. పక్షికి గాలాడాలి; అతనికి తెలిసిన సూత్రం అదొక్కటే. ఆ అలవాటు కొద్దీ తొండ పెట్టెకు కూడా మూడు పక్కలా తీగ జాలీ కొట్టాడు. ఆ తప్పు క్లారీ కంట మొదటిరోజే పడి ఉంటుంది. అది లెస్ కంటపడకుండా ఉండాలనే పూలూ మబ్బూ చెరువూ పెలికన్లూ దానిమీద కప్పుతూ వచ్చాడు. లెస్ ఏమో అవన్నీ విని నవ్వాడు, పొంగిపోయాడు.

"ముందే చెప్పొచ్చు కదరా," అన్నాడు లెస్.

"ఏం చెప్పమంటావు? అంత ముచ్చటగా చేశావు. ఆ మూలల అతుకులు చూశావా, గోరు కూడా దూరదు."

లెస్ లేచి గోడకు ఆనించిన చెక్కలు ఒక్కొక్కటే తీశాడు. "పెట్టె పట్రా. పక్కలు మూసేస్తాను. జాలీ పైన చాలు."

"అంత మంచి పెట్టెని పాడుచేస్తావా?"

లెస్ కొలబద్ద అందుకున్నాడు. దానిమీది గీతలు చెమ్మగిల్లిన కంటికి ఆనలేదు.

క్లారీ తొండను తిరిగి నెత్తిన పెట్టుకుని, టోపీ జాగ్రత్తగా లాక్కుని అందరినీ కలయజూశాడు. "అందాకా ఇక్కడే ఉంటుందిలే. నా బుర్ర సరిగ్గా నలభై డిగ్రీలు."

ఈసారీ సూది దించుతాడని అందరూ స్టిపే వైపు తిరిగారు. ఎంత గొప్పలు పలికే బుర్రయినా ముప్ఫై ఏడు దాటదని అతనికి తెలుసు. స్టిపే తన కుర్చీ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి లాగి చోటిచ్చాడు.

"ఇంకాస్త ఇటు జరుగు," అన్నాడు.