మ్యాపులో వంతెన

ఒక్క టీ తాగొస్తానని తన డిజైన్ల దుకాణంలోంచి బయటపడ్డ బాబాయి, రోడ్డవతల టీ బంకులో బల్ల మీద బాసింపట్టు వేసుకుని కోతలు మొదలుపెట్టేశాడు. వెనకాలే వచ్చిన టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికల్లా బాబాయి గీసిన ఊరి మ్యాపు ప్రెస్సుకి వెళ్ళాలి. రేపు పొద్దున్నే ఆ మ్యాపు పట్టుకుని ఆమె తరగతి పిల్లలు, ఊరు చూడటానికొచ్చే వాళ్ళని దగ్గరుండి తిప్పాలి. బడివాళ్ళు ఇన్నాళ్ళకి పిల్లల్ని నమ్మి అప్పజెప్పిన పని. పాపం వాళ్ళు చెప్పాల్సిన మాటలు అద్దం ముందు నిలబడి మరీ వల్లె వేసుకుంటున్నారు.

తీరా చూస్తే మ్యాపులో వంతెన దాని చోట లేదు. బాబాయి దాన్ని ఎత్తుకెళ్ళి ఊరికి ఆ చివర పెట్టాడు. అసలు చోట అక్షరాలొచ్చాయట, వాటిని కదిపితే అందం చెడుతుందట! పైగా నమూనా కాపీలు కొన్ని అప్పుడే బస్టాండులో పెట్టేసి వచ్చాడు కూడా.

"బాబాయ్, వంతెన..."

"కూర్చోవే అమ్మాయ్, వంతెన ఎక్కడికి పోతుంది?" అని బాబాయి బంకాయన వైపు తిరిగాడు. "అదేనండీ, నేను చేసింది మరీ గొప్ప పనేం కాదు. జలపాతానికో పోస్టరు వేశాను, అంతే. ఉన్నదల్లా కాస్త నీలం, కాస్త తెలుపు. తీసుకెళ్ళి బస్టాండు గోడకి అంటించానా, కాసేపటికల్లా అక్కడ కూర్చున్న వాళ్ళంతా చెవులకి గుడ్డలు చుట్టేసుకున్నారు. చలి! నీలమంటే అదీ నీలం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జలుబు చేసుంటుంది," అన్నాడు బంకాయన గ్లాసులు కడుగుతూ.

"జలుబు సంగతి దేవుడెరుగు, గోడ కింద తడి! బస్టాండు మేనేజరు బక్కెట్టు పెట్టించాడు, నిండిపోయింది. డ్రమ్ము పెట్టించాడు, అదీ నిండిపోయింది. చివరికి నా దగ్గరికే పరిగెత్తుకొచ్చి, 'అయ్యా, పోస్టరు కింద ఓ కాలవ గీసిపెట్టండి' అని బతిమాలాడు. గీశాను. ఇప్పటికీ బస్సులు కడిగేది ఆ నీళ్ళతోనే. కావాలంటే మన డ్రైవర్ని అడగండి."

"నేనక్కడ చేపలు కూడా పట్టాను," అన్నాడు పక్కన టీ తాగుతున్న టాక్సీ డ్రైవరు, మొహంలో నవ్వు కనబడనివ్వకుండా.

వీడొకడు, ఆజ్యం పొయ్యడానికి! టీచరమ్మ గోడ గడియారం వంక చూసింది. అంతలో కొత్తమనిషొకాయన బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి, మూల బల్ల మీద కూలబడి టీ అడిగాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. బాబాయికి వినేవాడు ఇంకొకడు దొరికాడు.

"అంతెందుకు, వీధులు శుభ్రంగా ఉంచమని చెప్పడానికి ఓ చెత్తకుండీ బొమ్మ వేశాను. జనం వరసలో నిలబడి దాన్లోనే వేశారు. ఊరంతా అద్దంలా అయిపోయింది కానీ బొమ్మ నిండిపోయింది! మళ్ళీ నేనే వెళ్ళి పక్కన లారీ గీస్తే తప్ప ఖాళీ కాలేదు. ఇక వీళ్ళ బడికి ఎక్కాల పోస్టరు వేశాను చూడూ, పంతులుగారు నిద్రపోతుంటే పాఠం అదే చెప్పేసేది. పైఅధికారి వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోస్టరుకి ప్రమోషనిచ్చి వేరే ఊరికి బదిలీ చేశారు!"

"ఆ బళ్ళో పని చేసేది నేను బాబాయ్. అక్కడ గోడకి మేకు తప్ప ఏమీ లేదు."

"మరి బదిలీ అయిపోయింది కదే!"

బంకాయన పగలబడి నవ్వాడు. టీచరమ్మ తల పట్టుకుంది. "ప్రెస్సు మూసేస్తారు బాబాయ్. నీకు దణ్ణం పెడతాను, లేచి రా."

"వస్తున్నా, అసలు మ్యాపు సంగతి చెప్పనీ. నేను గీశాక సర్వేవాళ్ళు గొలుసులు పట్టుకొచ్చి ఊరంతా కొలిచారు. కొండ దగ్గర తేడా వచ్చింది. పెద్ద సర్వేయరు నా మ్యాపు చూశాడు, కొండని చూశాడు, మళ్ళీ మ్యాపు చూశాడు. 'తప్పు కొండదే' అన్నాడు! మిషన్లు తెచ్చి కొండని జరిపేశారు. అది చూసి గడియార స్తంభం ఎవరూ చెప్పకుండానే తనంతట తనే పక్కకి తప్పుకుంది. ఇప్పుడీ ఊళ్ళో ఏదైనా సరే, నా మ్యాపులో ఎక్కడుంటే అక్కడికొచ్చి నిలబడాల్సిందే. అది చేతిలో ఉంటే కళ్ళు మూసుకుని నడవచ్చు!"

"కళ్ళు తెరుచుకునే నడిచానండీ," అన్నాడు మూల బల్ల మీది మనిషి. జేబులోంచి తడిసిన నమూనా కాపీ తీసి బల్ల మీద పరిచాడు. "ఇందులో వంతెన ఉన్న చోటికే వెళ్ళాను. నది ఉంది, వంతెన లేదు. ఏమో, నేనే సరిగా చూడలేదేమోనని కొంతదూరం దిగాను, గట్టెక్కి చాలాసేపు నిలబడ్డాను. తొందరపడి వచ్చేశానని ఇప్పుడు తెలుస్తోంది. ఇంకాసేపు ఆగుంటే వంతెనే నడుచుకుంటూ వచ్చేదేమో."

డ్రైవరు టీ పొరబోయేలా నవ్వాడు. టీచరమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

"రేపు ఆ గట్టు మీద నిలబడేది నా పిల్లలు బాబాయ్. ఈయన వెనక్కి వచ్చారు. వాళ్ళు మ్యాపులో ఉందంటే ఉందనుకుని ముందుకే వెళ్తారు."

బాబాయి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఇంతకీ అసలు వంతెన ఎక్కడుందండీ?" అని అడిగాడు ఆ మనిషి. టీచరమ్మ కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడా? ఇక్కడ పెద్దపెద్ద అక్షరాల్లో ఎవరిదో పేరుందే!"

బంకాయన మెడ సాచి చదివాడు. "ఎవరిదో ఎందుకండీ, మా డిజైనరు గారిదే."

బాబాయి సగం టీ వదిలేసి లేచాడు. రోడ్డు దాటి, దుకాణంలోకి వెళ్ళి, కంప్యూటరు ముందు కూర్చుని, పక్కన నిలబడ్డ టీచరమ్మ వైపు చూడకుండా వంతెనని వెనక్కి లాగాడు. పట్టలేదు. పేరు కొంచెం చిన్నది చేశాడు. అయినా పట్టలేదు.

"మొత్తం తీసేస్తే తప్ప పట్టదే అమ్మాయ్," అన్నాడు నీరసంగా.

"కొండనే జరిపించినవాడివి," అంది టీచరమ్మ, "నీ పేరు జరపలేవా?"