వినబడే రబ్బర్లు

ఈ చెవి రబ్బర్లు గూడా వాపసు తీసుకో ఉషమ్మా. తప్పు నీ అంగడిది కాదు, నా చెవులది. నా చెవులు రోంత ఎక్కువ మంచివి. గొప్పకు చెప్తాండా అనుకోవద్దు, వినయంగానే చెప్తాండా. ముప్పై ఒక్క యేండ్లు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బస్సులో కండక్టరు పని చేసినా. ముందర మెట్టు మీద నిలబడుకోని, వెనక సీట్లో టికెట్ తీసుకోనోన్ని వాని దగ్గుతోనే పట్టుకునేవాన్ని. నువ్వు పెనుకొండ నుంచి కాలేజీకి పాసులో వచ్చే దినాల్లో చూసిందే గదా. ఇంత మంచి చెవులు పెట్టుకోని ఎవరికీ చెప్పుకోకుండా ఉండేది గూడా ఒక గుణమే. నీకెందుకు చెప్తాండానంటే, నువ్వు అడిగితివి కాబట్టి.

అడగలేదా? సరే. అడిగినట్ల మొగం పెట్టుకోనుండావులే.

మూడోసారి వచ్చినానని విసుక్కోవద్దు తల్లీ. చెవిలో పెట్టుకోని పాటలు వినే బడ్సు బాగానే ఉండాయి. దాంతో ఇచ్చిన రబ్బర్లే నాకు కుదరడంలే. చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు జతలు వచ్చె. నువ్వే నడిమివి తొడిగి, చెవిలో పెట్టి రోంత తిప్పి, ఇంగ బయట సద్దు ఒక్కటి గూడా రాదు నాగప్పన్నా అంటివి. గ్రౌండులో వాకింగు చేసేటప్పుడు ప్రపంచమే ఉండదు అంటివి.

నా కష్టమే అది. నాకు ప్రపంచం కావల్ల. ఆ పాటలు వద్దు.

నగద్దు. చెప్తా ఉండు. గిరాకీ ఎవరూ లేరు గదా? ఆ స్టూలు ఇట్ల జరుపు.

నేను తెల్లార్తో కాలేజీ గ్రౌండులో పది రౌండ్లు నడుస్తా. కడాఖరి రెండు రౌండ్లు పరుగు. పరుగని నేనంటా, చూసినోళ్ళు ఏమంటారో నాకు తెలీదు. షుగరుకు డాక్టరు రాసిచ్చిన మందు అది. నా వెనకాల ఇరవై అడుగుల దూరంలో ఇద్దరు నడుస్తారు. ఒకాయన ఆదినారాయణ సారు, ఇస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినాడు. ఇంగొకడు మంజునాథ్. నా డ్రైవరు. పదకొండేండ్లు వాడు స్టీరింగు పట్టుకుంటే నేను విజిలు కొట్టినా. వాని టిఫిను క్యారియర్లో నేను తిన్యా, నా క్యారియర్లో వాడు తినె.

వాన్ని నాశనం చేయల్లనే ఈ బడ్సు కొన్నది.

ఊరికే అనడంలే. మూడేండ్ల కిందటి మాట. నా రిటైర్మెంటుకు ఇంగ పంతొమ్మిది దినాలుండాది. పెనుకొండలో రామాంజినమ్మ అని ఒక ముసిలామె బస్సెక్కె. ధర్మవరంలో కూతురు కాన్పయి ఉండాది, బిడ్డకు మొక్కుబడి అని ఒక గొర్రెపిల్లను సంచిలో పెట్టుకోని వచ్చె. సంచిలోనుంచి తలకాయ మాత్రం బయటికి పెట్టి అది బస్సంతా చూస్తాండాది. నిజానికి దానికి లగేజీ టికెట్టు కొట్టల్ల. ఆయమ్మ కొంగు ముడి విప్పుతాంటే నాకు చూడబుద్ధి కాలే. వద్దులే అవ్వా అంటి. అంతటితో ఊరుకుంటినా? బస్సంతా వినపడేట్ల, ‘ఈ గొర్రెపిల్ల స్టూడెంటు, దీనికి పాసుండాది, ధర్మవరం కాలేజీలో ఫస్టియరు’ అంటి. నువ్వు గూడా నగుతాండావు చూడు. బస్సంతా నగిరి. రెండో సీట్లో తెల్లచొక్కా ఆయన కండ్లనీళ్ళు పెట్టుకోని నగె. నా మాటకు అంత నగినోన్ని నేను ఆ పొద్దుటి వరకు చూడలే. వానికోసరమని ఇంగోసారి గూడా చెప్తి.

చెన్నేకొత్తపల్లి కాడ చెకింగోళ్ళు నిలబడుకోనుండారు. ఎక్కినోళ్ళు ఎక్కినట్ల నేరుగా రామాంజినమ్మ సీటు కాడికే పాయిరి. ఇంగ ఎవర్నీ చూడలే. ఎవరో ఫోను చేసి చెప్పింటేనే గదమ్మా అట్ల వచ్చేది? పెనుకొండలో చాయ్ తాగతా మంజునాథ్ ఫోన్లో మాట్లాడింది నా కండ్లతో చూసినా. ఇంగ సాక్ష్యం ఏమి కావల్ల?

సస్పెండు చేసిరి. మా డిపోలో ఆఖరి ట్రిప్పు దినం బస్సుకు పూలు కట్టి, కండక్టరుకు మాలేసి, తప్పెట్లు కొట్టుకుంటా ఆ బస్సులోనే ఇంటికాడ దించి వస్తారు. నేను నలభైమందిని అట్ల దించి వచ్చినా. నా దినం నేను ఇంట్లో బనీను మీద కూర్చోని చిక్కుడుకాయలు వలిచినా. మూడు నెలలకు పెద్ద తప్పేమీ లేదని కాగితం పంపిరి. కాగితం మెళ్ళో వేసుకుంటారా?

వింటాండావా, సెల్లు చూస్తాండావా? సరే.

అప్పటినుంచి వానితో మాటలేదు. మాట లేకపోతే ఏమి, పని ఉండాది. అదేమి పనో తర్వాత చెప్తా. నాకు కావల్సింది ఒకటే: వాని నోటితో వాడే ఒప్పుకుంటే నేను వినల్ల. ఉగాది దినం వాకింగోళ్ళమంతా గ్రౌండులో కూడి ఓళిగలు పంచుకుంటాము. ఆడ అందరి ముందర లేచి, వాడు ఏ పొద్దు ఏమి చెప్పినాడో పూస గుచ్చినట్ల చెప్పి, ఓళిగ వాని గొంతులో అడ్డంపడేట్ల చేయల్ల. చెప్పేది గూడా బట్టీ పట్టినా.

బస్సులో కనిపెట్టిన సంగతి ఒకటుండాది. చెవుల్లో బడ్సు పెట్టుకున్నోన్ని జనాలు మనిషి కింద లెక్కపెట్టరు. వాని పక్కన కూర్చోనే సంసారం గుట్టంతా మాట్లాడుకుంటారు. అంతే, నేను గూడా పెట్టుకుంటి. తలకాయ రోంత ఊపుకుంటా ముందర నడిస్తే, వెనకోళ్ళకు నేను చెవిటోడు.

నువ్వు తొడిగిన నడిమి రబ్బర్లు పెట్టి చూస్తినా, నిజంగానే చెవిటోన్నయితి. నా అడుగులు నా తలకాయలో నాకే తప్పెట మాదిరి కొట్టె. వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళిద్దరూ నోర్లు కదిలిస్తాండారు, నీళ్ళతొట్టిలో చేపల మాదిరి.

చిన్నవి పెట్టుకుంటి. వినపడె. సంతోషపడి పరుగు పెడితినా, కుడిది ఊడి ఎర్రమట్టిలో దొర్లుకుంటా పాయె. ఎవరి కాలు కాడికి పోయింటాదో చెప్పు? మంజునాథే వంగి తీసె. బనీనుకు తుడిచి నా అరచేతిలో పెట్టె. ఇంటికొచ్చి ఆ రబ్బరు ఊడదీసి వేణ్ణీళ్ళలో ఉడకబెడితి. పగోడు ముట్టుకున్న రబ్బరు చెవిలో ఎట్ల పెట్టుకునేది? ఆరనీకుండా పెట్టుకుంటే చెవి కాలె, అది వేరే సంగతి.

రెండోసారి నీ కాడికి వస్తే, చెమటకు జారనివి ఇవి అని నురుగు రబ్బర్లు ఇస్తివి. నలిపి చెవిలో పెట్టి ఇరవై లెక్కపెట్టేలోపల ఉబ్బుతాయి అంటివి. ఉబ్బె. జారలే. పట్టాల మీద గూడ్సు పోతే కండ్లకు కనపడె గాని చెవికి తెలీలే. అట్లాంటివి రోడ్డు మీద పెట్టుకోని పరిగెత్తేవోనికి లారీ వచ్చినా తెలీదు, ఎవరికన్నా అమ్మేటప్పుడు రోంత చెప్పమ్మా.

ఆ పొద్దే నువ్వు నా చెవులు రెండూ ఒక సైజు కాదంటివి. ఎడమకు నడిమిది, కుడికి పెద్దది. ముప్పై యేండ్లు కుడి చెవి మీద పెన్ను పెట్టుకున్నందుకే అయింటాది. ఉద్యోగం నాకు మిగిల్చింది అదొక్కటే, పెద్ద బొక్క.

ఇంగ చూడు ఇవి, ఆ నడిమిది, ఆ పెద్దది. తిప్పి చూడు. గోడల మీద సన్నగా కోతలు కనపడినాయా? బ్లేడుతో నేనే కోసినా. పట్టు పట్టే ఉంటాది, ఊడదు, గాలి ఆడతాది, సద్దు వస్తాది. అంగడిలో దొరకనిది ఇంట్లో తయారు చేసుకుంటి.

కోసినవి వాపసు తీసుకోరా? ముందే చెప్పింటే కోయకుండా ఉంటానా ఏమి?

పోయిన మంగళవారం అవి పెట్టుకోని పోతి. నాలుగు రౌండ్లు టమేటా ధర, సారు మోకాలినొప్పి. అయిదో రౌండులో ఆదినారాయణ సారు ఎగతాళిగా అడిగె, మంగళవారం గదా మంజూ, నీ స్కూటర్లో గాలి పోయింటాది అని.

‘పోనీలే సార్, సీటు కింద పంపు పెట్టుకున్యా’ అనె వాడు.

ఇందాక తర్వాత చెప్తా అన్న పని అదే ఉషమ్మా. మంగళవారం వాడు గ్రౌండు నుంచి అట్లే ఆంజనేయస్వామి గుడికి పోతాడు, అందుకని స్కూటర్లో వస్తాడు. మూడేండ్లు, వారం తప్పకుండా, ముందర చక్రం గాలి నేనే తీసినా. పండగలొచ్చినా తీసినా, జ్వరం వచ్చినప్పుడు గూడా పోయి తీసినా. వాడు పంపు కొనుక్కోని ఊరుకున్యాడంట.

‘ఎందుకని అడగవా వాన్ని?’ అనె సారు.

‘అడిగితే మానుకుంటాడు సార్. మానుకుంటే వాడు తెల్లార్తో లేసేదానికి ఏమి పనుంటాది?’

కాళ్ళు నడుస్తాండాయి, నేను నడవడంలే. సారు ఇస్కూలు అయ్యవారు గదా, విడిచిపెట్టడు. ఇంతకూ ఆ పొద్దు ఫోను చేసింది ఎవరు అనె.

‘ఇంగెవరు, రెండో సీటు తెల్లచొక్కా. చెకింగోళ్ళ మనిషే. ఈడు గొర్రెపిల్ల జోకు వేస్తానే ఆయన ఫోను తీసినాడు. తర్వాత వాళ్ళ జీపే ఎక్కిపాయె, నేను అద్దంలో చూస్తి. నాగప్ప లోపల వాళ్ళతో కొట్లాడతా ఆ పక్క చూసుకోలే. వాని నోరే వాన్ని పట్టిచ్చె సార్.’

‘మరి చెప్పలేదా వానికి?’

‘చెప్తే ఏమొస్తాది? నన్ను తిట్టుకుంటా మూడేండ్లు బతికినాడు. వాన్ని వాడే తిట్టుకోవల్సి వస్తే బతుకుతాడా?’

పోయిన యేడు వాని రిటైర్మెంటు దినం మాల వద్దన్నాడని డిపోలో చెప్పుకుంటాంటే నేను పొగరనుకుంటి. సారు అది గూడా అడిగె. నా వెనక విజిలు కొట్టినోనికి లేంది నాకెందుకు సార్ అనె. టమేటా ధర చెప్పినట్లే చెప్పె.

ఏమ్మా, కండ్లు తుడుచుకుంటాండావా? నువ్వు తుడుచుకునేంత పుణ్యకార్యం ఏమీ కాదది. నాకు మండుతాండాది. నన్ను మన్నించే హక్కు వానికి ఎవరిచ్చిరి? నేను అడిగితినా? మూడేండ్లు వానికి నేను శిక్ష వేస్తాండా అనుకుంటి, వాడు చూస్తే నన్ను మేపుతాండాడు. ఎనుమును మేపినట్ల. రోజుకింత కోపం నా ముందరేసి, తిననీ పాపం అని పక్కన నిలబడుకున్యాడు. పగోడన్నాక పగోని మాదిరి ఉండల్ల గదా. వాడు ఒక్క తిట్టు తిట్టింటే, ఒక్కసారి నా కాలరు పట్టుకోనింటే, నాకెంత సుఖంగా ఉండేది.

ఇంగ నా పగంతా యాడికి పోవల్ల చెప్పు? ఆ తెల్లచొక్కా మొగం గూడా జ్ఞాపకం లేదు. జ్ఞాపకం ఉండేది వాడు నగిండేది ఒక్కటే. ఆ నగువు కోసరం రెండోసారి చెప్పింది నేనే. గాలి తీయల్లంటే నాది తీసుకోవల్ల. నాకు చక్రాలు లేవు.

పోయి మాట్లాడమంటావా? నీకు సులువు. మొన్న పోతి. లేసు కట్టుకుంటాండేట్ల వంగి నిలబడుకుంటి, వాళ్ళు దగ్గరికి రానీ అని. వచ్చిరి. సారు ముందరికి పాయె. మంజునాథ్ నా పక్కన నిలబడె. రోంత తగ్గినాడు, చెంపలు పోయినాయి. నా చెవి పక్క చూపిచ్చి, ఏం పాట అని చేత్తో అడిగె. ఉగాదికని బట్టీ పట్టిన మాటలన్నీ నోటి నిండా ఉండాయి, ఒక్కటీ పనికిరాదు. వేరే మాటలు లేవు. తలకాయ ఊపి, బాగుండాదని బొటనవేలు చూపిచ్చి, పరుగెత్తి వచ్చేస్తి. ఆ పొద్దు నిజంగానే పరుగమ్మా, ఎవరడిగినా చెప్తారు.

అందుకే ఆ నురుగువి ఇయ్యి. బాగా ఉబ్బేవి. రెండు జతలియ్యి. వాడు నా వెనక ఏమంటాండాడో ఇంగ నేను వినలేను.

నువ్వు అట్ల చూడొద్దు. వేలమందిని పేరు పెట్టి పిలిచి టికెట్టు కొట్టినోన్ని నేను. మాటలకు నాకెప్పుడూ కరువు లేదు. అయితే ఒక మనిషి ముందర నిలబడుకోని తప్పు నాది అనేది ఎట్లనో, అరవై మూడేండ్లు వచ్చినా, నాకింగా రాదు.