సోనీకి మీరే చెప్పాలి

ఈ వీడ్కోలు సభ అధ్యక్ష స్థానాన్నీ, కాసిడీహ్ పేటలోని ఈ తెలుగువాళ్ల హాల్లో తిరిగే ఒకే ఒక్క ఫ్యాను కింది చోటునూ కలిపి అలంకరించిన సీతారామరావు గారికి, ఈ ఉక్కలో శాలువాలు కప్పించుకుని క్రైస్తవ సహనం చూపిస్తున్న విశాఖపట్నం మిషన్ బృందానికి, పెద్దలకు, వంటల వాసన తగిలాక కూడా కుర్చీ వదలని మిత్రులకు వందనాలు. (నవ్వులు)

నా పేరు సౌరభ్. బాగ్‌బేరా బస్తీ పిల్లలకు ఇన్నాళ్లూ అన్నం పెట్టి, పుళ్లు కడిగి, పాటలు నేర్పిన ఈ బృందానికి హిందీ రాదు. బస్తీలోని తెలుగు పిల్లలకేమో తెలుగు సగమే వచ్చు. అందుకని మధ్యలో నన్ను నిలబెట్టారు. పాస్టర్ గారు ఇరవై నిమిషాలు చేసే ప్రార్థనను నేను హిందీలో రెండు నిమిషాల్లో ముగించేవాణ్ణి. పిల్లలు నాకు రుణపడి ఉన్నారు. దేవుడేమనుకున్నాడో పాస్టర్ గారే కనుక్కోవాలి. (నవ్వులు)

బృందానికి పెద్దదిక్కు రత్నమ్మ గారు, వృత్తికి నర్సు. వచ్చిన రోజునే పిల్లలందరికీ పసుపు చొక్కాలు తొడిగారు. "జనంలో తప్పిపోతే దూరాన్నుంచే కనిపించాలి కదా" అన్నారు. ఈ పిల్లలు కనిపించాలని కోరుకున్న మనిషిని నేను మా ఊళ్లో మొదటిసారి చూశాను. ఇంట్లో బొగ్గు పొయ్యి వెలగాలి కాబట్టి, సాయంత్రాలు వాళ్లు వెళ్లేది ఓ కాంట్రాక్టరు బొగ్గు దించుకునే రైలు సైడింగుకు. పట్టాల మీద రాలింది ఏరుకోవడానికి. పోయిన శుక్రవారం ఆ చొక్కాలు కాపలావాడికి కూడా దూరాన్నుంచే కనిపించాయి. అరిచాడు. అందరూ పరుగెత్తారు. తొమ్మిదేళ్ల సోనీ ఆగి ఉన్న వ్యాగన్ కిందికి దూరింది. వ్యాగన్ కదిలింది.



కుడి పాదం పోయింది. ఇంతవరకూ మాట్లాడిన పెద్దలు దాన్ని "చిన్న అపశ్రుతి" అన్నారు. "కూకోరా" అని సైగ చేస్తున్న గౌరీశంకర్ మావయ్యా, కూర్చుంటాను, ఇంకొక్క ముక్క.

ఆసుపత్రిలో కట్టు మార్చే వేళ రత్నమ్మ గారి అరచెయ్యి కళ్లమీద ఉంటే తప్ప సోనీ ఎవరినీ దగ్గరికి రానివ్వదు. బృందం రేపు రైలెక్కుతోంది. ఆ సంగతి సోనీకి తెలియదు. ఈ ఉదయం వార్డు బయట రత్నమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "నా నోట రాదు బాబూ. మేము వెళ్లాక నువ్వే చెప్పు" అన్నారు. గేటు దగ్గర సోనీ వాళ్లమ్మ చిన్నమ్మి ఆపింది.

"ఆ యమ్మ రేపు కూడా వత్తాదని సెప్పి పిల్లకి ముద్ద పెట్టినాను. రాపోతే ఏటి సెప్పమంటావు బాబూ?"

"చూద్దాం పిన్నీ" అన్నాను. మా బస్తీలో చూద్దాం అంటే లేదనే. ఆమెకూ తెలుసు, తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

రత్నమ్మ ఆంటీ, మీరు చెడు చేశారని అనడానికి నాకు నోరెలా వస్తుంది? మీరు పెట్టిన అన్నం పిల్లలతోపాటు నేనూ తిన్నాను. కానీ మీరు వెళ్లిపోతున్నారన్న మాట మీ వెనకాల నేను చెప్పను. మీరు ఎదురుగా కూర్చుని చెప్పండి. పక్కన నిలబడి హిందీలో నేను అంటాను. ఏడుస్తుంది, మొహం తిప్పేసుకుంటుంది, మిమ్మల్ని తిడుతుందేమో కూడా. తిట్టనివ్వండి. తిట్టడానికి దానికి మీరు ఎదురుగా ఉండాలి కదా. రాత్రి ఏడు దాటితే వార్డులోకి రానివ్వరు. ఆటో గేటు దగ్గరే ఉంది.

(రత్నమ్మ గారు శాలువా తీసి కుర్చీ మీద పెట్టి లేచారు.)

(ముందు వరస పిల్లలతో హిందీలో) అరే, మీరంతా కడుపునిండా తిని వెళ్లండి. రేపు బొగ్గుకు పోయేటప్పుడు మాత్రం ఆ చొక్కాలు ఇంట్లో విప్పేసి పొండి.

ఓపిగ్గా విన్న సభకు కృతజ్ఞతలు. మా ఇద్దరికీ సెలవిప్పించండి.