ముప్పై ఎనిమిది అంగుళాల గట్టు

పాత ప్రింటింగ్ ప్రెస్సును ఇల్లుగా మారుస్తున్నారు. సగం పూర్తయిన వంటగదిలో వడ్రంగి మేస్త్రీ, ఆ ఇంటాయన భార్య.

“కాదు మేస్త్రిగారూ, మీరే చూడండి. ఈ గట్టు నా చంకల్లోకి వస్తోంది. దీని మీద కూర తరగాలంటే నేను పీట వేసుకుని ఎక్కాలి.”

“ముప్పై ఎనిమిది అంగుళాలమ్మా. టేపు పెట్టి చూపించమంటారా?”

“టేపెందుకు, నా మోచేతులు చెబుతున్నాయి. నాకు ముప్పై ఒకటి దాటకూడదు. ఈ ముక్క చెప్పిపోదామనే వచ్చాను. రాయి అతికించేశాక మొత్తుకుని ఏం లాభం?”

“రాయి రేపొస్తుందమ్మా. కానీ కొలత…”

“కొలతకేం?”

“ఇచ్చినవాళ్ళు ఇచ్చేశారు కదా.”

“ఎవరు, మీ సారా? మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో తెలీని మనిషి, వంటగట్టుకి కొలతలిచ్చాడా?”

“సారు… సారు కూడా ఉన్నారనుకోండి.”

“కూడానా?”

“ఈ సజ్జ చూశారా? పాత అచ్చు బల్లల టేకే. చిత్రిక పడితే ఎలా తేలిందో చూడండి. ఇప్పుడు కొనాలంటే దొరకదు.”

“సజ్జ సంగతి తర్వాత. కూడా ఇంకెవరున్నారు?”

“ఎందుకమ్మా నాకీ ఇంటి గొడవలు. ఒకరు ఎత్తు అంటారు, ఒకరు పొట్టి అంటారు, మధ్యలో నా పని చెడుతుంది.”

“నసగకండి మేస్త్రిగారూ. కొలత ఎవరిచ్చారు?”

“మేడమ్‌గారు. ఇక్కడే, మీరు నిలబడ్డ చోటే నిలబడి, చేతిలో కత్తి ఉన్నట్టు ఇలా ఇలా తరిగి చూపించారు. ‘నేను పొడుగుదాన్ని మేస్త్రిగారూ, ఇన్నాళ్ళూ వంగి వంగి వండాను, ఇకనైనా నడుం నిలబెట్టుకోనివ్వండి’ అన్నారు.”

“ఏ మేడమ్?”

“అదేంటమ్మా, మీకు తెలీదా? మీరు సారు అక్కగారు కదూ?”

“అక్కనని ఎందుకనుకున్నారు?”

“వచ్చీ రాగానే చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి వచ్చారు. పరాయివాళ్ళయితే గుమ్మంలో నిలబడి పిలుస్తారు కదా. ఆడపడుచు అయ్యుంటారు, కొత్తావిడ వంటిల్లు ఎలా కట్టించుకుంటోందో చూడ్డానికొచ్చారు అనుకున్నా.”

“కొత్తావిడ.”

“తప్పుగా అన్నానా?”

“లేదు, లేదు. దగ్గరిదాన్నే నేను. చూపించండి, మీ మేడమ్ ఇంకా ఏమేం చేయించిందో.”

“ఆవిడకి తెలివుందమ్మా, అది మాత్రం ఒప్పుకోవాలి. ఇదిగో, మిషన్లు ఉన్న చోటు, సారు ఆఫీసు గది, మధ్య గోడ తీయించేసి రెండూ ఒకే హాలు చేయించారు. సారేమో అద్దాల బీరువాలు, తిరిగే కుర్చీలు అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర నిలబడితే పిల్లలు కంటికి కనబడాలి, అంతే అన్నారు.”

“పిల్లలా?”

“సారు పిల్లలే. ఇద్దరు కదా.”

“ఇద్దరు.”

“ఈ గది వాళ్ళది. బల్లలు రెండూ కిటికీ కింద. పెద్దబ్బాయిది ఎడమచేతి వాటమట, అందుకని వాడి బల్ల మీదకి వెలుతురు కుడివైపు నుంచి వచ్చేట్టు తిప్పించారు. మంచాలు ఇక్కడ. చిన్నమ్మాయి నిద్రలో దొర్లుతుందట, ఈ పక్క కమ్మీ.”

“ఆవిడకెలా తెలుసు అది దొర్లుతుందని?”

“సారు చెప్పారట. ఆవిడ పిల్లల్ని చూడనేలేదు. వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంటున్నారటగా, ఇల్లయ్యాక తీసుకొస్తారట. పాపం, చూడకుండానే ఇంత ప్రేమ.”

“ఎనిమిదేళ్ళలో ఒక్క రాత్రి లేచి దుప్పటి కప్పలేదా మనిషి. పిల్ల దబ్బున కింద పడితే అటు తిరిగి పడుకునేవాడు. ఇక్కడికొచ్చి మాత్రం కమ్మీ గురించి చెప్పాడన్నమాట. ఛీ.”

“ఏమన్నారమ్మా?”

“ఏం లేదు. దుమ్ము గొంతులోకి పోయింది. ఈ సిరా కంపొకటి, ఇంకా పోలేదు.”

“ముప్పై ఏళ్ళు పీల్చిన గోడలమ్మా. రెండుసార్లు గీకించాం, పైన సున్నం కొట్టించాం, అయినా వర్షం పడితే చాలు, పైకి తేలుతుంది. కిటికీ తీస్తానుండండి.”

“మీ సారు పడగ్గది?”

“అటువైపు. అది వద్దులెండి, ఇంకా చెత్తగా ఉంది.”

“నాకు చూడాలని లేదులెండి. మంచం కొలత మాత్రం చెప్పకండి.”

“అయితే ఇది చూడండి. హాల్లోకి రండి. ఇది మాత్రం నా చేత్తో చేసిన పని, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.”

“ఏంటిది, గోడలో గూడా?”

“గూడే. అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు. లోపల సన్న బల్బు వస్తుంది. చుట్టూ అంచు చూడండి, ఒక్క మేకు కనబడదు.”

“బావుంది. దేనికిది?”

“ఫోటోకి.”

“ఎవరి ఫోటో?”

“పిల్లల తల్లిది. పోయింది కదమ్మా, మీకు తెలియనిదేముంది.”

“పోయింది.”

“సారు ఆ గూడు వద్దంటే వద్దన్నారు. చూస్తే బాధగా ఉంటుందట. మేడమే పట్టుబట్టారు. ‘వాళ్ళమ్మని నేను మూల పెట్టలేను, పిల్లలు తలుపు తీయగానే కనబడాలి’ అని. నాకు ఆ రోజే అనిపించిందమ్మా, ఈ కాలంలో ఇలాంటి మనిషి…”

“ఎప్పుడు పోయిందన్నాడు?”

“రెండేళ్ళయిందన్నారు. ఆ మాట అనేటప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు కూడా.”

“మేస్త్రిగారూ, నీళ్ళెక్కడ?”

“వెనకాల పంపు… అయ్యో! అమ్మా! ఇలా, ఇలా వంగండి. కక్కెయ్యండి, ఇసక మీదే, పర్లేదు. నీళ్ళు తెస్తున్నా.”

“ఇంకొన్ని పొయ్యండి. చేతుల మీద. ఇంకా.”

“చేతులకేం కాలేదమ్మా.”

“పొద్దున ఆ మనిషి విడిచిన బట్టలు ఈ చేతులతో ఉతికి ఆరేసి వచ్చాను. చొక్కా కాలరు మురికి వదలట్లేదని బ్రష్షు పెట్టి మరీ తోమాను. వేలి సందుల్లో ఇంకా ఆ సబ్బు కంపే.”

“ఎవరి బట్టలు?”

“ఫోటో ఇచ్చాడా మీకు?”

“లేదమ్మా. తెస్తా తెస్తా అంటున్నారు. రెండు నెలలుగా మేడమ్ అడుగుతూనే ఉన్నారు.”

“ఎలా తెస్తాడు? నన్ను సరిగ్గా చూడండి మేస్త్రిగారూ. మీరు అంత నున్నగా చేసిన గూట్లో ఉండాల్సింది నేను.”

“ఊరుకోండమ్మా, అవేం మాటలు.”

“నేను అక్కనీ కాదు, ఆడపడుచునీ కాదు. ఆ ఎడమచేతి వాటం వాణ్ణీ, ఆ దొర్లే పిల్లనీ కన్నదాన్ని. ఈ పూట ఇద్దరికీ తలలు దువ్వి బడికి పంపి వస్తున్నాను.”

“మరి… మరి సారు…”

“‘దుమ్ము, నీకు పడదు, ఇల్లయ్యాకే చూద్దువుగాని’ అన్నాడు. ఆరు నెలలుగా అదే పాట. నేనూ సరేనన్నాను. గట్టు ఎత్తు ఒక్కటీ చెబుదామని మనసాగక వచ్చాను.”

“నాకేం తెలీదమ్మా, నా పిల్లల మీద ఒట్టు. అదుగో… అదుగో, మేడమే వస్తున్నారు.”

“రానివ్వండి.”

“మేస్త్రిగారూ, రాయి వచ్చిందా? ఓ, ఎవరో ఉన్నారే. నమస్కారమండీ. ఏంటి, మొహమంతా తడిసిపోయింది? ఒంట్లో బాగాలేదా?”

“మేడమ్, ఈవిడ… ఈవిడ…”

“నేను చెబుతాను మేస్త్రిగారూ. మీరేనా గట్టు ముప్పై ఎనిమిది పెట్టించింది?”

“అవునండీ. ఎత్తయిందా? మీరు ఆయన తాలూకా? అక్కగారా? ఉన్నారని నాకు చెప్పనేలేదు ఆయన.”

“చాలా చెప్పలేదులెండి. మీరు కూర్చోండి ముందు.”

“కూర్చోవడమెందుకు?”

“పొడుగ్గా ఉన్నారు, పడితే పట్టుకోవడం మాకు కష్టం. కూర్చోండి. ఇదిగో ఈ ఫోన్ చూడండి. ఈ ఫోటో ఎప్పటిదో కింద తేదీ ఉంది.”

“మొన్న ఆదివారంది. ఆయనే. వీళ్ళు పిల్లలా? ఎంత పెద్దవాళ్ళయ్యారు! నాకు చూపించినవి చాలా చిన్నప్పటివి. ఈ పక్కన మీరు… ఆయన చెయ్యి మీ భుజం మీద…”

“చూశారుగా.”

“లేదు. ఆవిడ పోయింది. నాకు చెప్పారు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు చెప్పారు.”

“అలాగే చెప్పుంటాడు.”

“ఏడ్చారండీ ఆయన! నా ఒళ్ళో తలపెట్టుకుని…”

“అది నాకు చెప్పకండి. ఇప్పుడే కక్కాను, మళ్ళీ వస్తుంది.”

“క్షమించండి. నేను… ఛ. ఛ. నా మీద నాకే రోతగా ఉంది. మీ ఇల్లు నేను కొలుచుకుంటూ కూర్చున్నాను. మీ పిల్ల మంచానికి కమ్మీ…”

“ఆ కమ్మీ మంచిదే. అందులో మీ తప్పేం లేదు.”

“ఇల్లు పూర్తయ్యాక ఏం చేద్దామనుకున్నాడు? పిల్లల్ని ఎలా తెస్తాడు? మిమ్మల్ని ఏం చేద్దామని?”

“అదే ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నాను. గూడు మాత్రం సిద్ధమైపోయింది.”

“అమ్మా, మీరిద్దరూ మాట్లాడుకోండి. నేను బయట…”

“ఉండండి మేస్త్రిగారూ. మీరూ వినాలి. నేనిప్పుడు ఆయనకి ఫోన్ చేస్తున్నాను. స్పీకర్లో పెడతాను. మీరు మాత్రం మాట్లాడకండండీ, కాసేపు. మీరు పోయారని ఆయన ఎలా అంటారో నా చెవులతో నేను వినాలి.”

“చెయ్యండి.”

“హలో, బంగారం! ఏంటి, సైట్‌కి వెళ్ళావా?”

“వచ్చాను. రాయి ఇంకా రాలేదు.”

“వస్తుందిలే. దుమ్ములో ఎక్కువసేపు ఉండకు, నీకు పడదు.”

“గూడు పూర్తయిందండీ. చాలా బాగా వచ్చింది. ఫోటో తెస్తానన్నారు కదా.”

“మళ్ళీ అదేనా? నిన్న పెట్టె తీశాను. చూడగానే మూసేశాను. నా వల్ల కాదు. కొన్నాళ్ళు ఆగు.”

“ఆవిడ ఎలా పోయిందో మీరు నాకు ఎప్పుడూ చెప్పలేదు.”

“ఇప్పుడెందుకది?”

“ఆ ఇంట్లో ఉండబోయేదాన్ని. తెలుసుకోవాలి కదా. రేపు పిల్లలు అడిగితే?”

“పిల్లలేం అడగరు.”

“నేనడుగుతున్నాను. ఏమైంది ఆవిడకి?”

“జ్వరం.”

“జ్వరమా?”

“మామూలు జ్వరమే అనుకున్నాం. మూడు రోజులు. రాత్రీ పగలూ పక్కనే కూర్చున్నాను. నీళ్ళు కూడా నేనే పట్టాను. మూడో రోజు తెల్లారుజామున, నా చేతుల్లోనే… చాలు. ఇంక అడగకు.”

“చివరికి ఏమైనా చెప్పిందా?”

“చెప్పింది. ‘పిల్లలకి మంచి తల్లిని తీసుకురండి’ అంది. అదే ఆఖరి మాట. ఆ మాట కోసమే కదా నేను నీ దగ్గరికి… ఏంటి, ఏడుస్తున్నావా?”

“లేదు. వింటున్నాను. మీ పక్కన ఎవరైనా ఉన్నారా?”

“ఎవరూ లేరు. నీ దగ్గర?”

“మేస్త్రిగారున్నారు. ఇంకొకరు కూడా ఉన్నారు, మీతో మాట్లాడతారట. ఇదిగో, ఇస్తున్నాను.”

“ఎవరు? హలో? హలో, ఎవరండీ?”

“మూడో రోజుకే తగ్గిపోయిందండీ నాకు జ్వరం. మీ బట్టలు మూటకట్టి గుమ్మం బయట పెడతాను, పిల్లలు బడి నుంచి రాకముందే వచ్చి పట్టుకెళ్ళండి.”