అరవై నాలుగు లోపల

పుప్పాలగూడలో, అద్దాల మేడల వెనక ఎలాగో మిగిలిపోయిన గుర్రపుశాల. సోమవారం పొద్దున పది కావస్తోంది. శనివారం ఎనభై కిలోమీటర్ల పందెం పరుగెత్తి కూలబడిన బుజ్జి అనే ఆడగుర్రం ఇంకా లేవలేదు. దాని తల దగ్గర లింగమూర్తి, పుట్టినప్పటి నుంచీ దాన్ని సాకినవాడు. పొట్ట దగ్గర మౌనిక, పందెంలో దాన్ని నడిపిన కడప అమ్మాయి. ఆఫీసుకని బయల్దేరి, మెడలో కార్డుతోనే ఇక్కడికి వచ్చేసింది.

"ఇంకో మాట అడుగుతా తాతా. నిజం చెప్పల్ల నువ్వు."

"ముందుగాల చాయ్ తాగు బిడ్డా. సల్లారిపోతున్నది."

"చాయ్ వద్దు."

"నిన్నటి సంది ఏం ముట్టలె నువ్వు."

"అది ముట్టిందా? రెండు గడ్డిపోచలన్నా దాని నోట్లోకి పోయినాయా? నాకెందుకు చాయ్."

"డాక్టర్ సారు ఏమన్నడు ఫోన్ల?"

"నానక్‌రామ్‌గూడ దగ్గర జామ్‌లో ఉన్నాడంట. అర్ధగంటలో వస్తాడు."

"వచ్చి?"

"నీకు తెల్దా?"

"తెల్సు. అయినా చెప్పు. సెలైన్ ఇంకో రెండు సీసలు ఎక్కిస్తే..."

"కిడ్నీలు పోయినాయి తాతా. తెల్లార్తానే ఉచ్చ పోసింది, కాఫీ డికాక్షన్ మాదిరి ఉందని నువ్వే కదా ఫోన్ చేసి చెప్పినావు. అలిసిన కండ కరిగి రక్తంలో కలిసిందంట. అది కిడ్నీలను మూసేసిందంట. ఇంజెక్షన్ ఇస్తా అన్నాడు. నొప్పి ఉండదంట."

"నొప్పి ఉండదని ఆయనకెట్ల ఎర్క?"

"తాతా..."

"మంచిది తియ్యి. అడుగు. ఏం అడుగుతవో అడుగు."

"ఇది చూడు, ఫోను. పందెంలో దాని ఎదకు కట్టిన బెల్టు రాసుకున్న లెక్క. రెండో చెకింగు కాడికి వచ్చినాక..."

"గా గీతల్ల నాకేం కనవడ్తది బిడ్డా."

"నేను చదువుతా, విను. చెకింగులో గుండె నిమిషానికి అరవై నాలుగు లోపలికి దిగల్ల. ఇరవై నిమిషాల్లో దిగకపోతే గుర్రాన్ని ఆపేస్తారు. అంతే కదా?"

"అంతే."

"మన బుజ్జిది వస్తానే డెబ్బై ఎనిమిది. పది నిమిషాలకు డెబ్బై ఆరు. పదిహేనుకూ డెబ్బై ఆరే. చన్నీళ్లు పోసినాం, కదల్లేదు. పద్దెనిమిదో నిమిషంలో ఇదే డాక్టర్, మన ఉదయ్ భాస్కర్ సారే, చెవులకు గొట్టం పెట్టుకుని వచ్చినాడు. అప్పుడు చూడు. అరవై ఒకటి."

"దిగినట్టున్నది."

"ఒక్కసారిగా అంత ఎట్ల దిగుతుంది? ఆయన అట్ల పోతానే మళ్లా డెబ్బై నాలుగు."

"బెల్టు జారిందేమో. ఎండ, చెమట గిట్ల..."

"బెల్టు జారలేదు. సార్ తన చెవితో విని కార్డు మీద రాసింది కూడా అరవై ఒకటే."

"ఆఫీసోళ్లది అనుకుంట, ఫోన్ మోగుతున్నది."

"మోగనీ. తాతా, దానికేమైనా మందు ఇచ్చినావా?"

"ఏంది?"

"కోపం వద్దు. అడుగుతాండా, అంతే. నీళ్లల్లో గానీ, బెల్లంలో గానీ..."

"మందా? నేనా? తల్లి కడుపులకెల్లి ఇది ఈ చేతులల్లనే పడ్డది. మూడొద్దులకు తల్లి సచ్చిపోతే సీసతోని పాలు తాపిన. దీనికి నేను మందు పెడ్తనా మౌనికా?"

"మరి ఏం జరిగింది? అప్పుడు దాని తల పట్టుకుంది నువ్వే కదా. సార్ వచ్చి అడుగుతాడు. పందెం వాళ్లకు నేను రాసియ్యల్ల."

"కండ్లు మూసిన."

"ఏమి?"

"నా తువ్వాల దాని కండ్ల మీద కప్పిన. చెవుల నోరు వెట్టి మాట్లాడిన. గంతే."

"ఏం మాట్లాడినావు?"

"ఏం మాట్లాడ్త? చిన్నప్పుడు మాట్లాడినయే. బుజ్జీ, నేనున్న, ఏం గాదు, నేనున్న అని. తల్లి లేని పిల్ల గదా, ఉరిమితే వణుకుతుండె. తువ్వాల కప్పి గట్లంటే నిమ్మలమైతుండె. నా వాసన తగిలితె సాలు దానికి. నమ్ముతది బిడ్డా. ఆ దినం గూడ నమ్మింది."

"నువ్వు కప్పకుంటే?"

"ఆన్నే ఆపేస్తుండ్రి. బండి ఎక్కించుకొని ఇంటికి తెచ్చుకుందుము. ఇయ్యాల గీడ నిలవడి గడ్డి నములుతుండె."

"మళ్లా ఎక్కినాక కూడా పరిగెత్తింది తాతా. ఆఖరి పాతిక కిలోమీటర్లు ఎట్ల పరిగెత్తిందో అది!"

"అదెందుకు ఆగుతది? మనం ఆపితేనే ఆగుతది."

"అప్పటికి దానికి బాగలేదని నీకు తెల్దు కదా? చెప్పు. తెల్దు కదా?"

"నీళ్లకు పొయ్యే ముందట దాని కడుపుకు చెవి వెట్టిన. గుర్రం కడుపు ఎప్పుడు సప్పుడు జేస్తనే ఉండాలె. సప్పుడు బందైందంటే లోపట పని బందైనట్టే. దానిది బందైంది."

"తెలిసి కూడా..."

"తెల్సి గూడ."

"ఎందుకు తాతా? ఎందుకు?"

"పోయిన యాడాది అరవై ఆరు వచ్చిందని ఆపిండ్రు. రెండంటే రెండు. నువ్వు కార్ల కూసోని ఒక్కతీరుగ ఏడ్చినవ్. గది సూడలేకపోయిన అనుకో."

"అనుకో అంటావేమి?"

"ఏందో ఒకటి. రాసియ్యి. లింగమూర్తి చేసిండని రాయి. ఏలిముద్ర ఏస్త. ఇగ ఏ గుర్రాన్ని ముట్ట నేను."

"అట్ల రాస్తే ఏ శాలలోకీ నిన్ను రానియ్యరు."

"వద్దు. ఏ మొకం వెట్టుకొని పోత?"

"రాయను."

"రాయి బిడ్డా. ఎవలో ఒకలు నన్ను తిట్టాలె. దానికైతే నోరు లేదు."

"రాయను అంటాండా కదా! ... నిజం చెప్తే, అందుకే వచ్చినా పొద్దున. నీ పేరు దొరుకుతుందనే వచ్చినా. రెండు దినాలుగా ఆ గీతనే చూస్తా కూర్చున్నా. అందులో ఎవరిదో ఒకరి తప్పు కనపడితే నాలుగు మెతుకులు దిగుతాయనుకున్నా."

"కనవడ్డది గదా. ఇగ తిను."

"దిగవు తాతా. ఆ చెకింగులో సార్ ముందు కడుపు విన్నాడు. తర్వాతే గుండె లెక్కపెట్టినాడు. కడుపులో చప్పుడు సన్నగా ఉంది, మేత తిన్నదా, అని నన్ను అడిగినాడు. మేత బుట్ట నిండా అట్లే ఉండాది. దాన్ని కాలితో వెనక్కి తోసినా. తిన్నది సార్, సగం పైనే తిన్నది అన్నా."

"సరే తియ్యి."

"సరే ఏమి? అబద్ధం చెప్పినా! తినలేదంటే ఆయన అప్పుడే ఆపేసేవాడు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా చెప్పలేదు. నువ్వు నీళ్లు తెచ్చేదానికి పోయినావు కాబట్టి నీకూ తెల్దు."

"వచ్చిన."

"ఏమి?"

"బకెట్ వట్టుకొని అప్పటికే వచ్చిన. నీ ఎనకనే ఉన్న, విన్న. గుండె దిగకుంటే సారుకు అనుమానమొస్తది, బుట్ట గుంజి సూస్తడు, నలుగురి ముంగట నీ మాట పోతది అనుకున్న. గందుకు బిడ్డా తువ్వాల కప్పింది."